‘ఒక మాట చెప్పల్ల అక్కా’ అనే రోజుకు శిక్షణ కేంద్రాన్ని ఎలా సిద్ధం చేయాలి

మీది అనంతపురంలో కుట్టు శిక్షణ కేంద్రం కావచ్చు, రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ కావచ్చు, కర్నూలులో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సో కడపలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటో కావచ్చు. పల్లెల నుంచి వచ్చి నేర్చుకునేవాళ్లు మీ దగ్గర ఉన్నారంటే వాళ్ల క్షేమం మీ బాధ్యత. పద్దెనిమిది నిండని పిల్లలు, ఒంటరి ఆడవాళ్లు, వినపడనివాళ్లు, మేధో వైకల్యం ఉన్నవాళ్లు, అప్పుల్లో ఇరుక్కుని ఎవరికీ ఎదురు చెప్పలేని మగవాళ్లు కూడా ఇందులోకి వస్తారు.

చాలాచోట్ల గోడ మీద హెల్ప్‌లైన్ బోర్డు ఉంటుంది, ఫైల్లో వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ పేర్లు ఉంటాయి. కానీ కష్టం వచ్చిన పిల్ల ఆ బోర్డు చూసి ఫోన్ చేయడం తక్కువ. అన్నం పెట్టే వంటమ్మతోనో, హాస్టల్ ఆయాతోనో, పక్క మిషన్ మీద కూర్చునే అక్కతోనో ‘ఒక మాట చెప్పల్ల అక్కా’ అని ముందు నోరు విప్పుతుంది. ఆ మనిషికి ఏం చేయాలో తెలియకపోతే మీ కమిటీ దాకా విషయం రానే రాదు. అందుకే కింద చెప్పే ప్రతి పనీ వంటమ్మకు, వాచ్‌మన్‌కు, ఆటో డ్రైవర్‌కు కూడా అర్థమయ్యేలా చేయండి.

ముందు బిల్డింగ్ మొత్తం తిరగండి

నోట్‌బుక్ పట్టుకుని రెండుసార్లు తిరగండి. ఒకసారి పొద్దున పదకొండుకు, క్లాసులు జరిగేటప్పుడు. రెండోసారి రాత్రి ఏడు దాటాక, లైట్లు ఆపించి. ఒక పెద్దమనిషి, ఒక నేర్చుకునే మనిషి ఎవరి కంటా పడకుండా ఉండగల చోటు ఎక్కడుందో వెతకాలి. స్టోర్ రూం, జిరాక్స్ గది, బట్టలారేసే మిద్దె, మెట్ల కింద, జనరేటర్ వెనక. దొరికిన ప్రతి చోటూ రాసుకోండి.

స్టోర్ రూం తాళం రెండు చేతుల్లోనే ఉండాలి, ఎవరు ఎప్పుడు తీశారో పుస్తకంలో రాయాలి. ఆఫీసు గది, కౌన్సెలింగ్ గది తలుపులకు కంటి ఎత్తున అడుగు చదరం అద్దం పెట్టించండి. మాటలు బయటికి వినపడవు, మనుషులు మాత్రం కనపడతారు. బాత్‌రూం గడియలు లోపలి నుంచి గట్టిగా పడుతున్నాయో లేదో మీ చేత్తో వేసి చూడండి. వెంటిలేటర్ లోంచి పక్కింటి మిద్దె కనపడితే, ఆ మిద్దె మీదున్నవాళ్లకు బాత్‌రూం కూడా కనపడుతుంది. కరెంటు పోయినప్పుడు బాత్‌రూం దారిలో వెలిగేలా కనీసం రెండు ఛార్జింగ్ లైట్లు పెట్టండి.

సీసీ కెమెరాలు గేటు దగ్గర, వరండాలో, మెట్ల దగ్గర చాలు. పడుకునే గదుల్లో, బట్టలు మార్చుకునే చోట, బాత్‌రూం లోపల కనపడే కోణంలో అసలే వద్దు. కెమెరాలు పెట్టించేవాళ్లు ఒక విషయం మరిచిపోతారు: రికార్డింగ్ ఎవరి ఫోన్లలో కనపడుతోంది? ఓనర్ ఫోన్లో, సూపర్‌వైజర్ ఫోన్లో, ఒక్కోసారి పని మానేసి పోయినవాడి ఫోన్లో కూడా ఉంటుంది. ఇద్దరికే ఉంచి, ఎవరైనా పని మానేసిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. రికార్డింగ్ కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఫిర్యాదు వస్తే అదే రోజు కాపీ తీసి పెట్టాలి.

ఇక సాయంత్రం సంగతి. ఆఖరి బస్సు తప్పిన పిల్లను ‘రా పాపా, ఊర్లో దించుతా’ అని సారు బండి ఎక్కించుకోవడంలో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ దురుద్దేశం ఉన్నవాడికి కూడా అదే వీలు. బ్యాచ్ టైము వాళ్ల ఊరి బస్సులను చూసి పెట్టండి. బస్సు తప్పితే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆటో పిలవాలో, డబ్బులు ఎవరు కడతారో ముందే చెప్పండి. సిబ్బంది సొంత బండి మీద ఒంటరిగా దించడం వద్దు, అది ఎవరైనా సరే.

ఏ పని నేర్పుతున్నారో దాన్ని బట్టి నియమం

‘మర్యాదగా నడుచుకోవాలి’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పనిలో ఒంటి మీద చెయ్యి పడే చోటు ఎక్కడుందో చూసి, అక్కడ నియమం రాయండి.

కుట్టుపనిలో అది కొలతల దగ్గర ఉంటుంది. ఆడపిల్లల కొలతలు మాస్టర్ తీసి చూపించడం వద్దు. డమ్మీ బొమ్మ మీద చూపించాలి, తర్వాత పిల్లలు ఒకరికొకరు తీసుకోవాలి, ఇష్టం లేనివాళ్లు బొమ్మ మీదే చేయాలి. డ్రైవింగ్ నేర్పేచోట కారులో ఒక మాస్టర్‌తో ఒక్క అమ్మాయిని పంపకుండా ఇద్దరిని కలిపి పంపండి, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక కూర్చుంటారు. స్టీరింగ్ మీద చెయ్యి వేయాల్సి వస్తే నోటితో చెప్పి వేయాలి. నర్సింగ్, బ్యూటీషియన్ కోర్సుల్లో ఒంటి మీద ప్రాక్టీస్ తప్పదు, కాబట్టి తెర కట్టాలి, ముందు అడగాలి, మూడో మనిషి ఉండాలి, ఫోన్లు బయట పెట్టాలి. ధర్మవరం వైపు లాగా ఇంట్లోనే మగ్గం ఉండి అక్కడే పని నేర్చుకునేచోట రాత్రి పని పద్దెనిమిది లోపువాళ్లతో చేయించకండి. అడ్వాన్స్ ఇచ్చాం కదా అని మనిషిని కదలనివ్వకపోతే అది 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం కిందికి వచ్చే నేరం.

ఫోన్ విషయంలో నియమాలు అన్ని కోర్సులకూ ఒకటే. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇద్దరు సిబ్బంది ఉండాలి, వారిలో ఒకరు ఆడమనిషి. రాత్రి ఎనిమిది తర్వాత విడిగా మెసేజీలు, వీడియో కాల్స్ వద్దు. ఫోటోలు సంస్థ ఫోన్‌తోనే, అడిగిన తర్వాతే తీయాలి. నేర్చుకునేవాళ్లకు సిబ్బంది అప్పు ఇవ్వకూడదు, వాళ్ల దగ్గర తీసుకోకూడదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఏటీఎం కార్డు, బ్యాంకు పుస్తకం మీ బీరువాలో పెట్టుకోకండి. చూసి, జిరాక్స్ తీసుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. పదో తరగతి మార్కుల మెమో మీ దగ్గర ఉన్నంతకాలం ఆ పిల్ల మీ మీద ఫిర్యాదు చేయలేదు. ఇది చాలా సంస్థల్లో మామూలుగా జరిగిపోతున్నా, నా లెక్కలో అన్నిటికంటే ముందు ఆపాల్సింది ఇదే.

చేర్చుకునే ఫారంలో ఏం అడగాలి

పుట్టిన తేదీ నోటితో చెప్పింది కాకుండా మెమో చూసి రాయండి. పద్దెనిమిది నిండనివాళ్ల పేర్లకు విడిగా జాబితా పెట్టండి, వాళ్ల విషయంలో చట్టం వేరు. ఫోన్ నంబర్లు మూడు తీసుకోండి, అందులో ఒకటి ఇంట్లోవాళ్లది కాకుండా టీచరుదో, ఆశా కార్యకర్తదో, మేనత్తదో అయి ఉండాలి. ఎందుకంటే ఒక్కోసారి భయం ఇంట్లోనే ఉంటుంది.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. కోసిగి, ఆదోని వైపు నుంచి మిరపకాయల కోతకు కుటుంబాలు గుంటూరు వైపు వలస పోతాయి. కడప వైపు ఎంతోమంది తల్లులు కువైట్‌లో ఇళ్ల పనికి పోయి ఉంటారు, పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు. అంటే ఫారంలో రాసిన నంబరు అవసరమైన రోజు కలవకపోవచ్చు. ‘మీ అమ్మానాయన ఏ నెలల్లో ఊర్లో ఉండరు? అప్పుడు నిన్ను చూసుకునేది ఎవరు?’ అని అడిగి రాసుకోండి. ఆ నెలల్లో ఆ పిల్లలతో వారానికొకసారి విడిగా మాట్లాడండి. వెనక ఎవరూ లేరని తెలిసిన పిల్ల మీదే చెడ్డవాడి కన్ను పడుతుంది.

వైకల్యం గురించి జబ్బు పేరు కాకుండా ‘నీకు ఏ సాయం కావాలి?’ అని అడగండి. వినపడని పిల్ల ఉంటే సైగల భాష తెలిసిన మనిషి నంబరు ముందే దొరకబుచ్చుకోండి. ఆపద వచ్చిన రోజు ఇంటి మనిషినో, క్లాసు సారునో దుబాసీగా కూర్చోబెడితే, ఆ పిల్ల చెప్పాల్సింది వాళ్ల మీదే అయితే ఎలా చెబుతుంది?

సిబ్బందిని తీసుకునేటప్పుడు

పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరిగా చేయించండి, వంటమనిషికి, వాచ్‌మన్‌కు, ఆటో డ్రైవర్‌కు కూడా. కానీ ఎప్పుడూ కేసు పడనివాడి కాగితం శుభ్రంగానే వస్తుంది. కాబట్టి పాత చోట్లకు, కనీసం రెండింటికి, మీరే ఫోన్ చేయండి. ‘మంచోడేనా’ అంటే ‘మంచోడే సార్’ అంటారు. ‘ఆడపిల్లల బ్యాచ్‌కు అతన్ని మళ్లీ పెట్టుకుంటారా?’ అని అడగండి. జవాబుకు ముందు ఎంతసేపు ఆగారో గమనించండి.

ఇలాంటి ఫిర్యాదులు వినడానికి సంస్థలో ఇద్దరిని బాధ్యులుగా పెట్టండి, ఒకరు ఆడమనిషి. ఓనరు బావమరిది, ఓనరు భార్య ఇద్దరూ వద్దు. చిన్న ఊళ్లలో అందరూ ఎవరో ఒకరికి చుట్టాలే కాబట్టి సంస్థకు సంబంధం లేని మూడో నంబరు ఒకటి పిల్లలకు ఇవ్వండి.

పది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి పోష్ చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు పై స్థాయి మహిళా ఉద్యోగి, ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, స్వచ్ఛంద సంస్థ నుంచో ఈ విషయం తెలిసినవారి నుంచో బయటి సభ్యులు ఒకరు, మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్లు. వేయకపోతే యాభై వేల దాకా జరిమానా. ‘వాళ్లు మా ఉద్యోగులు కాదు, ట్రైనీలు’ అంటే కుదరదు. ట్రైనీలు, అప్రెంటిస్‌లు ఆ చట్టంలోని ఉద్యోగి నిర్వచనంలోనే ఉన్నారు, మీరు పెట్టిన బండిలో ప్రయాణం కూడా పనిచోటు కిందికే వస్తుంది. పదిమంది కంటే తక్కువ ఉంటే, లేదా ఫిర్యాదు ఓనరు మీదే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఆ వివరం కలెక్టరేట్‌లోనో ఐసీడీఎస్ ప్రాజెక్ట్ డైరెక్టర్ (పీడీ) ఆఫీసులోనో ఇప్పుడే కనుక్కుని రాసి పెట్టుకోండి.

మొదటి రోజు ఇరవై నిమిషాలు

కొత్త బ్యాచ్ వచ్చిన రోజు రిబ్బన్లు, ఫోటోల తర్వాత ఇరవై నిమిషాలు దీనికి పెట్టండి. ఆడపిల్లలతో విడిగా, మగపిల్లలతో విడిగా మాట్లాడాలి. మగపిల్లలకు అవసరం లేదనుకోకండి. పద్దెనిమిది లోపు పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అబ్బాయిలకు కూడా వర్తిస్తుంది. మగపిల్లల హాస్టళ్లలో సీనియర్లు తాగించడం, కొట్టడం, బట్టలు విప్పించడం జరిగినా సిగ్గుకొద్దీ బయటికి రాదు.

మాటలు తేలికగా ఉండాలి: ‘ఇక్కడ ఎవరైనా, సారైనా సరే, నీకు ఇష్టం లేకుండా ముట్టుకున్నా, మెసేజ్ పెట్టినా, డబ్బులడిగినా ఈ అక్కకు చెప్పు. చెప్పినందుకు నిన్ను ఇంటికి పంపం. నీ కోర్సు ఆగదు.’ చివరి రెండు వాక్యాలు ఒకటికి రెండుసార్లు చెప్పండి. చెబితే నాయన చదువు మాన్పిస్తాడు అన్న భయమే చాలామంది నోరు కుట్టేస్తుంది.

నంబర్లు కాగితం మీద ఇవ్వకుండా ఫోన్లలో అక్కడే సేవ్ చేయించండి. అత్యవసరానికి 112, పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416, ఆన్‌లైన్ మోసాలకు 1930, ఉచిత న్యాయ సహాయానికి 15100.

ఎవరైనా చెప్పినప్పుడు

సారు నడుస్తుంటే దారి మార్చుకోవడం, ఒక్క క్లాసుకే రాకపోవడం, కొత్త ఫోన్ ఎవరిచ్చారంటే చెప్పకపోవడం, స్టైపెండ్ పడిన రోజే చేతిలో డబ్బు లేకపోవడం, ఎండాకాలంలో నిండు చేతుల జాకెట్టు. నోటితో చెప్పకపోయినా ఇవి కనపడితే మీరే వెళ్లి పలకరించండి. పదహారు, పదిహేడేళ్ల పిల్ల ఉన్నట్టుండి రావడం మానేస్తే పెళ్లి కుదిర్చారేమో కనుక్కోండి. అదే అయితే 1098కి చెప్పాలి.

ఒక మాట చెప్పల్ల అక్కా అని మీ దగ్గరికి వస్తే, చేతిలో పని పక్కన పెట్టి, మనుషులు కనపడే చోటే కొంచెం ఎడంగా కూర్చోండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. ‘నీకు సాయం చేయడానికి అవసరమైనవాళ్లకు మాత్రమే చెబుతాను, ఎవరికి చెబుతున్నానో నీకు ముందే చెబుతాను’ అనండి. ఆమె చెప్పేది చెప్పనివ్వండి. అడగాలంటే మూడు ప్రశ్నలు చాలు: ఏం జరిగింది, ఎప్పుడు, ఇప్పుడు నువ్వు భయం లేకుండా ఉన్నావా. ‘నువ్వెందుకు పోయినావు’, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’, ‘సారు అట్లాంటోడు కాదే’ ఈ మూడూ నోట రాకూడదు. రెండో మనిషిని పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పించకండి. ఒక్కో చోట ఒక్కోసారి చెప్పించేసరికి మాటలు మారతాయి, పిల్ల అలిసిపోతుంది, తర్వాత కోర్టులో అదే ఆమెకు అడ్డం తిరుగుతుంది.

ఆమె వెళ్లిన పది నిమిషాల్లో రాయండి. తేదీ, టైము, ఆమె వాడిన మాటలే, ఆమె యాసలోనే. ‘లైంగికంగా వేధించాడు’ అని మీ మాటల్లోకి మార్చకండి. ఆమె ‘జాకెట్టు కాడ చెయ్యి పెట్టినాడు’ అంటే అదే రాయాలి. మీ అభిప్రాయం రాయకండి. కింద సంతకం పెట్టి బీరువాలో పెట్టండి. వంటమ్మకు రాయడం రాకపోతే ఆమె చెబుతుంటే బాధ్యురాలు రాయాలి, చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి.

పద్దెనిమిది నిండనివాళ్ల మీద లైంగిక నేరం అయితే మీకు ఎంపిక లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాలి, తోడుగా 1098కి కూడా చెప్పండి. ముందు మీరు విచారణ చేసి నిజమో కాదో తేల్చుకుందాం అనుకోకండి, అది మీ పని కాదు. చెప్పకుండా దాస్తే ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో ఆమె కోరుకున్న చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవి మీకు తెలిసి ఉంటే ఆమె పక్కన నిలబడి అడగగలరు.

పెద్దవాళ్లయితే నిర్ణయం వాళ్లది. పోలీసులా, కమిటీయా, ఇంకా ఏమీ వద్దా, అన్నీ వివరించి ఎదురుచూడండి. ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం 112. వైకల్యం ఉందని ఆ మనిషి తరఫున మీరే నిర్ణయించేయకండి, అర్థమయ్యేలా చెప్పి అడగండి. వికలాంగుల మీద హింస జరుగుతోందని తెలిస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. మండలంలో ఆ అధికారం తహసీల్దారుకు ఉంటుంది.

అత్యాచారం జరిగి ఉంటే టైము ముఖ్యం. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా ఉంటే మంచిది. మార్చుకుంటే ఆ బట్టలను ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి ఆధారాలు పాడవుతాయి. గర్భం, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలు కావాలి, ఎంత ముందైతే అంత మేలు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందే, ఎఫ్ఐఆర్ ఉంటేనే చూస్తాం అనకూడదు. జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌లో వైద్యం, పోలీసు, లాయరు, తాత్కాలిక బస అన్నిటికీ దారి చూపుతారు. 181కి చేస్తే అక్కడికి కలుపుతారు.

మెసేజీలు, కాల్ రికార్డులు చెరిపేయొద్దని చెప్పండి. నంబరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీయించండి. అయితే పద్దెనిమిది లోపు పిల్లల అసభ్య ఫోటోలు, వీడియోలు ఉంటే వాటిని మీ ఫోన్లోకి పంపించుకోకండి. సాక్ష్యం కోసమే అనుకున్నా అలా పంపడం నేరం కిందికి రావచ్చు. ఆ ఫోనే పోలీసులకు అప్పగించాలి.

కమిటీ పని ఎక్కడ చెడుతుంది

పోష్ ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేని మనిషికి కమిటీయే రాసిపెట్టాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక తర్వాత పది రోజుల్లో, దాని మీద చర్య 60 రోజుల్లో. ఈలోపు ఆమె అడిగితే మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు, అతన్ని వేరే బ్యాచ్‌కు మార్చవచ్చు. ఇక్కడే తప్పు జరుగుతుంది: అతను సీనియర్ మాస్టర్ అని అతన్ని ఉంచి, ఆమెను ‘నీ మంచికే’ అని వేరే బ్యాచ్‌కు మారుస్తారు. ఆ రోజు నుంచి మిగతా ముప్పై మంది నోరు విప్పరు.

రెండో తప్పు పంచాయితీ. ఊరి పెద్దమనుషులు, కులపెద్దలు, రెండువైపుల చుట్టాలు ఆఫీసులో కూర్చుని ‘పిల్ల పరువు పోతుంది, పదో పరకో ఇప్పించి సర్దేద్దాం’ అంటారు. గట్టిగా, మర్యాదగా కాదనండి: ‘అయ్యా, మీ బాధ అర్థమైంది. ఇది రాజీ చేసే కేసు కాదు, చేస్తే నేను జైలుకు పోతా.’ పోక్సోలో ఇది అక్షరాలా నిజం. పెద్దవాళ్ల పోష్ ఫిర్యాదులో ఆమే కోరితే విచారణకు ముందు సయోధ్య కుదర్చవచ్చు, కానీ దానికి డబ్బు ఆధారం కాకూడదు.

మూడోది, పేరు బయటికి పొక్కడం. ఒక కాగితం జిరాక్స్ షాపుకు వెళ్తే చాలు, సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. ఫిర్యాదు కాపీలు ఆఫీసులోనే తీయండి. వాట్సాప్‌లో పంపకండి.

ప్లేస్‌మెంట్‌తో పని అయిపోదు

బెంగళూరుకో తిరుప్పూర్‌కో పంపే ముందు మీ మనిషి ఒకరు వెళ్లి హాస్టల్ చూసి రావాలి. రాత్రి గేటు బయట నుంచి తాళం వేస్తారా, ఫోన్లు లాక్కుంటారా, జీతం ఎవరి ఖాతాలో పడుతుంది, అక్కడ అంతర్గత కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయా, ఇవి చూడాలి. కువైట్, దుబాయ్ అని ఎవరైనా ఏజెంటు మీ బ్యాచ్ చుట్టూ తిరుగుతుంటే, ప్రభుత్వ లైసెన్స్ నంబరు అడిగి, విదేశాల్లో పనికి పోయేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. లైసెన్స్ లేనివాడిని గేటు లోపలికి రానివ్వకండి.

పంపిన మూడో రోజు, పదిహేనో రోజు, నెల నిండిన రోజు ఫోన్ చేయండి. పక్కన సూపర్‌వైజర్ ఉంటే నిజం చెప్పలేరు కాబట్టి ముందే ఒక గుర్తు మాట అనుకోండి. ‘జేజికి బాగాలేదంట గదా’ అని మీరడిగినప్పుడు ‘అవునక్కా, బాగాలేదు’ అంటే వెంటనే ఎవరో ఒకరు బయలుదేరాలి. ‘ఇప్పుడు బాగుందక్కా’ అంటే, నంబరు పక్కన టిక్కు పెట్టి తర్వాతి తేదీ రాసుకోండి.